అటు తిరగమన్న పిల్ల

ఆ వారమంతా నేను ఏ కుర్చీలోనూ నిలకడగా కూర్చోలేకపోయాను. మిరపకాయ కల్లాల మీద ఎండుతున్న రోజులవి. ఊరికి పడమట పొలాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉండేవి. మధ్యాహ్నం గాలి తిరిగితే చాలు, కిటికీలు మూసినా ఘాటు లోపలికి వచ్చి గొంతులో కూర్చునేది. ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే రైతులు టార్పాలిన్ పట్టాలు పట్టుకుని పరుగెత్తేవారు. మబ్బు పోగానే వాటిని మళ్లీ లాగేసేవారు. కప్పడం, తీయడం, మళ్లీ కప్పడం. ఊరు ఆ పనిలో ఉంటే నేను వరండాలో పుస్తకాల బీరువా సర్దుతూ ఉండేదాన్ని. సర్దినదాన్నే మళ్లీ సర్దేదాన్ని. వరుస తప్పిన పుస్తకం ఒక్కటీ లేకపోయినా చేతులు ఊరుకునేవి కావు.

"ఆ బీరువాకి నోరుంటే ఇక నన్నొదిలెయ్ అని దండం పెడుతుంది" అన్నారు మా వారు, పత్రిక దించకుండానే.

నేను ఇంకో పుస్తకం తీసి దులిపాను.

నా అశాంతికి కారణం ఒక పిల్ల. నేను ప్రధానోపాధ్యాయినిగా పనిచేసిన బాలికల ఉన్నత పాఠశాలలో చదివి, ఆ తరువాత గుంటూరులో ఇంజనీరింగు పూర్తి చేసింది. తండ్రి మా ఊరి చివర ముచికల షెడ్డులో మేస్త్రి. మిరపకాయకు తొడిమె తుంచడాన్ని మా వైపు ముచికలు తీయడం అంటారు. ఆ పని చేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ పిల్ల తల్లి కూడా వారిలో ఒకతె. హైదరాబాదులోని ఒక సంస్థ ఈ అమ్మాయికి సైబర్ సెక్యూరిటీ విభాగంలో ఉద్యోగం ఇస్తామంది. చేరుతున్నదీ లేనిదీ సోమవారం సాయంత్రంలోగా తెలియజేయాలి. తండ్రి వద్దన్నాడు.

వద్దన్నవాడు ఇంట్లో ఊరుకోలేదు. మంగళవారం సాయంత్రం మా గేటు దగ్గర చెప్పులు విడిచి, కండువాతో ముఖం తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, మీ మాటంటే దానికి గురి. మీరొక్కసారి వద్దని చెప్పండి చాలు."

"దేన్ని వద్దని చెప్పాలి?"

"ఆ దొంగల్ని పట్టుకునే ఉద్యోగమండి. కంప్యూటర్లో దొంగలు పడితే ఇది కనిపెట్టాలంట. రాత్రిళ్లు కూడా డ్యూటీలంట. పోలీసోళ్లు లేరాండి దానికి? ఇక్కడే బ్యాంకు పరీక్షలకి కోచింగ్ పెట్టిస్తానన్నాను. కళ్లముందు ఉంటది."

"ఆ పని ఎలా ఉంటుందో మీరు చూశారా?"

"చూడ్డానికేముందండి. ఫ్యాను కింద కూర్చుని టకటకా కొట్టటమేగా."

"చూడని పనిని వద్దనడానికి మీకు ఆధారం లేదు. చూడని పనిని మంచిదనడానికి నాకూ లేదు. ముందు ఇద్దరం చూద్దాం" అన్నాను.

ఆయనకు ఆ మాట నచ్చలేదు. అయినా తల ఊపి గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గింది.

"అది మెత్తంది మేడమ్ గారూ. ఎవరన్నా నవ్వుతా అడిగితే కాదనలేదు. ఆ ఊళ్లో ఎవడన్నా మంచిగా మాట్లాడి ఏమన్నా అడిగితే, ఉన్నదంతా చెప్పేస్తది. నా భయమదీ. డ్యూటీ సంగతి పైకి చెప్పేదే."

ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. కాని ఆ పిల్ల మెత్తనిదన్న మాటతో మాత్రం ఏకీభవించలేకపోయాను. నాకు తెలిసిన సంగతి ఒకటి ఉంది.

ఆమె తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడి కంప్యూటరు గదికి నంబరు తాళం ఉండేది. ఒకనాడు ప్రార్థన ముగిశాక ఆమె నేరుగా నా గదికి వచ్చి, "మేడమ్, ఆ తాళం తీసేశానండి. లోపలికి వెళ్లలేదు. మళ్లీ వేసేశాను" అంది. ఎలా తీశావని అడిగితే కిటికీలోంచి బడి ముఖద్వారం వైపు చూపించింది. బడి స్థాపించిన సంవత్సరం అక్కడ సున్నంతో పెద్ద అంకెల్లో రాసి ఉంది. తాళం అంకెలూ అవే.

తలుపు తీయగలగడం వేరు, తీయడానికి అనుమతి ఉండడం వేరు. అందుకు ఒక పీరియడు పాటు గోడ వైపు తిరిగి నిలబడమన్నాను. ఆ శిక్ష సరైనదేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. పీరియడు అయ్యాక పిలిచి, తాళం ఆమె చేతికిచ్చి, కొత్త అంకెలు పెట్టమన్నాను. ఆమె తీసుకోలేదు.

"నేను పెడితే నాకు తెలిసిపోద్ది కదండీ. మీరే పెట్టుకోండి. నేను అటు తిరుగుతాను" అని, ఎవరూ చెప్పకుండానే మళ్లీ గోడ వైపు తిరిగింది.

మెత్తని పిల్ల చేసే పని కాదది.

మరునాడు ఆమెను పిలిపించాను. పిప్పరమెంటు రంగు చుడీదారులో, జడ ఇంకా ఆరకుండానే వచ్చింది. కూర్చోమన్నా అంచు మీదనే కూర్చుంది. నేను తిన్నగా అడిగాను.

"నీ పని ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పు."

"ఇంటివాళ్లు మమ్మల్ని పిలిచి, మా ఇంట్లోకి దొంగ ఎటు నుంచి రాగలడో చూసిపెట్టండి అంటారండీ. మేము చుట్టూ తిరిగి చూసి, ఇదిగో ఈ కిటికీ గడియ ఊడింది, ఈ గోడ పొట్టిగా ఉంది అని చెబుతాం. ఇల్లంటే ఇక్కడ బ్యాంకు అనుకోండి, ఆసుపత్రి అనుకోండి. అంతా కంప్యూటర్లోనే."

"పిలవకుండా వెళ్లి చూస్తే?"

"అప్పుడు మేమే దొంగలం" అంది నవ్వి.

"నీకు వెళ్లాలని ఉందా?"

బయట రోడ్డు మీద పత్తి లారీ వెళుతూ తుమ్మకొమ్మలకు తెల్లటి పీచు తగిలించి పోయింది. ఆమె చూపు ఆ పీచు మీదే ఉంది.

"ఉందండి. చాలా ఉంది. కానీ నాన్న సరేనన్నాక వెళ్లాలనుంది."

"చట్టప్రకారం నీకు ఆయన అనుమతి అక్కర్లేదు."

"తెలుసండి. కానీ అట్లా వెళ్తే బస్సులో కూర్చున్నంత సేపూ వెనక్కి తిరిగి చూసుకుంటూ ఉండాలి. పని చేసేటప్పుడు కూడా."

ఆమె వెళ్లిపోయాక నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాను. బడి వార్షికోత్సవాల్లో ఆడపిల్లలను ప్రోత్సహించాలని మేము ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చామో! వేదిక మీద ఆ మాట అనడానికి ఏ కష్టమూ లేదు. చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు, జనగణమన పాడి ఇళ్లకు పోతారు. ఆ తరువాత తండ్రి ఎదుట ఒంటరిగా నిలబడవలసింది ఆ పిల్లే. ఉపన్యాసం ఇచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఆ తండ్రి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఎప్పుడైనా ప్రోత్సాహమనేది ఆ కుర్చీతోనే మొదలవుతుందని నా అభిప్రాయం.

షెడ్డు యజమానికి ఫోను చేసి, శనివారం టీ విరామంలో ఆ అమ్మాయి ఆడవాళ్లతో కాసేపు మాట్లాడడానికి అనుమతి అడిగాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆడవాళ్లను విడిగా అడగమని అమ్మాయికి చెప్పాను, వాళ్లూ ఒప్పుకున్నారు. అందుకు కారణం ఉంది. క్రిస్మస్ ముందు ఆ షెడ్డులోనే పనిచేసే ఒకామె ఫోటోలను ఎవరో ఆమె ఖాతాలోంచి తీసి, ఆమె పంపినట్టుగానే చుట్టాలందరికీ అసహ్యమైన సందేశాలు పంపారు. ఆమె చాలాకాలం పనిలోకి రాలేదు. వచ్చాక కూడా మూలన కూర్చుని, ముక్కుకు కట్టుకున్న గుడ్డ టీ తాగేటప్పుడు కూడా సరిగా దించేది కాదు.

శనివారం మేము వెళ్లేసరికి కాయ గుట్టలు గుట్టలుగా ఉంది. కళ్లు మండిపోతున్నాయి. నాకు కుర్చీ వేశారు. మేస్త్రి కాటా దగ్గర నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష పెట్టేవాడిలా.

అమ్మాయి మధ్యలో గొంతుక్కూర్చుంది.

"ఫోన్లు మీ చేతుల్లోనే ఉంచుకోండి, నాకివ్వొద్దు. పాస్‌వర్డ్ ఏంటో చెప్పొద్దు. నేనొక మాట అడుగుతా. ఔనైతే చెయ్యెత్తండి. ఇష్టం లేకపోతే ఎత్తొద్దు." చుట్టూ చూసి అడిగింది. "మీ పాస్‌వర్డ్‌లో మా బాబాయిల పేర్లున్నాయా?"

ఒకామె పక్కామె వైపు చూసింది. ఒక చెయ్యి లేచింది. తరువాత ఇంకొకటి. ఆ తరువాత షెడ్డంతా చేతులే, కారం అంటి ఎర్రబడిన వేళ్లతో.

"ఓసి నీ దుంపతెగ!" అంది అందరూ మామ్మ అని పిలిచే పెద్దావిడ. "దీనికెట్టా తెలిసిందే?"

"అదేంటే! పెళ్లైన కాణ్ణుంచి మా ఆయన పేరు నేను నోటితో అన్లేదు. ఇంకెవరికి తెలుస్తదనుకున్నా?" అంది ముందు వరసలో ఒకామె.

"నువ్వనవు పిన్నీ. ఊరంతా అంటారుగా. మొన్న కాలవ గట్టు మీద నుంచి కేకేసి మరీ పిలిచారు బాబాయిని."

నవ్వులు లేచాయి.

"సరే, ఫోను కొన్నప్పుడు షాపతను ఏం పెట్టమంటారని అడిగాడు కదా. అప్పుడు పేరెవరు చెప్పారు?"

"నేనెట్టా చెప్తాను? మా తోటికోడలు చెప్పింది."

"మెల్లగానా?"

"ఫ్యాను మోతకి వాడికి వినపడలా. గట్టిగా రెండోసారి చెప్పింది."

"నాకు పక్కన చెప్పేవాళ్లు లేక ఆయన ఓటరు కార్డు తీసి చూపిచ్చా" అంది వెనక నుంచి ఇంకొకామె. ఆ మాటకు షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంతగా నవ్వారు. నవ్వులో తుమ్ములు, తుమ్ముల్లో నవ్వులు.

భర్త పేరు పలకకపోవడం మా ప్రాంతంలో పాత మర్యాద. చర్చికి వెళ్లేవారైనా, మసీదు వీధివారైనా, పెదకాకాని గుడి మొక్కులవారైనా ఆ తరంలో తేడా లేదు. తమ పెదవి దాటని మాట కనుక అదే లోకంలో అన్నిటికంటే పెద్ద రహస్యమని ఆ స్త్రీలు నమ్మారు. ఆ నమ్మకంలో తెలివితక్కువతనమేమీ నాకు కనిపించలేదు. తమకు తెలిసిన అతి గట్టి తాళమే వాళ్లు వేశారు.

అందరూ నవ్వుతున్నారు, మూలనున్న ఆమె తప్ప.

"అయితే నాదీ అంతేనా?" అంది. "తప్పు నేనే చేశానా?"

నవ్వులు ఆగాయి. అమ్మాయి లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"తప్పు తీసినోడిది అత్తా. నువ్వు తలుపేశావు, గడియ పెట్టావు. ఎట్టాంటి గడియ పెట్టాలో నీకెవరూ చెప్పలా. అంతే."

ఆమె ముక్కుకున్న గుడ్డ విప్పి, దానితోనే కళ్లు తుడుచుకోబోయింది. "వద్దే, కారం!" అని పక్కవాళ్లు నలుగురూ ఒక్కసారే చెయ్యి పట్టుకున్నారు.

తరువాత అమ్మాయి నేర్పింది. ఒకదానితో ఒకటి పొత్తు లేని మాటలు కొన్ని ఏరుకోమంది. ఇంట్లో మనుషుల పేర్లు, ఊరి పేర్లు, పుట్టినరోజులు వద్దంది. ఎవరికీ చెప్పవద్దంది, మొగుడికీ, పిల్లలకూ, చివరికి తనకు కూడా. "ఇప్పుడు కొట్టుకోండి. నేను అటు తిరుగుతా" అని కాయ గుట్ట వైపు తిరిగి నిలబడింది. వాళ్ల అమ్మ కూడా ఫోను కళ్ల దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, తనలో తాను నవ్వుకుంటూ కొట్టింది.

ఒకసారి అమ్మాయి చూపు నా ఒళ్లోని ఫోను మీద పడింది. నన్ను మాత్రం ఆ ప్రశ్న అడగలేదు. ఆ మర్యాదకు సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో నాకు తేలలేదు.

"ఏమయ్యా మేస్త్రీ" అని మామ్మ కాటా వైపు కేకేసింది. "మా ఇళ్ల తాళాలన్నీ దీని ముందే పెట్టాం. నువ్వేమో దీన్నే ఇంట్లో పెట్టి తాళమేస్తానంటున్నావంటగా?"

"నీకెందుకు మామ్మా, పన్జూడు" అని ఆయన విసురుగా లారీ వైపు వెళ్లిపోయాడు. భార్య చెయ్యి కూడా లేవడం ఆయన చూశాడు. పదిమంది ముందు తన పేరు అలా బయటపడడం ఆయనకు నచ్చలేదని నడకే చెప్పింది.

నేను ఇంటికి వచ్చాక స్థిమితం పూర్తిగా పోయింది. పని చూపించడానికి తీసుకెళ్లి ఆయనను నలుగురిలో చిన్నబుచ్చామా? ఒప్పుకునేవాడిని కూడా మొండికెత్తించామా? ఆదివారం ఉదయం చర్చి మైకులో పాటలు వినిపిస్తుంటే ఆ కుటుంబం అక్కడే ఉంటుందని తెలిసి, గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఫోను తీశాను, పెట్టేశాను. మధ్యాహ్నం మబ్బు పట్టింది. రోడ్డంతా పట్టాల చప్పుడు. చినుకు పడలేదు, మబ్బు పోలేదు. నేను వెళ్లి అడిగితే ఆయన మీద ఒత్తిడి అవుతుంది. అడగకుంటే గడువు దాటిపోతుంది. మా వారు నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టానో సాయంత్రం దాకా దొరకలేదు. అది బీరువాలో, నిఘంటువుల పక్కన ఉంది.

సోమవారం ఉదయం ఆయన వచ్చాడు. ఈసారి చెప్పులు విడవడం కూడా మరిచాడు.

"మేడమ్ గారూ, నా పేరు తీసేసిందండి!"

"ఎవరు?"

"మా ఇంట్లోదండి. ఏం పెట్టావే అంటే చెప్పకూడదంట. నవ్వుద్ది. ఇన్నేళ్ల కాపురంలో నా దగ్గర దాచిన మాట లేదండి దానికి."

మా వారు పత్రిక వెనక దగ్గారు. అది దగ్గు కాదు.

"మీ అమ్మాయిని అడిగారా?"

"అడక్కుండా ఉంటానా? మంచిగా అడిగా. 'నాకు తెలియదు నాన్నా, నేను అటు తిరిగున్నా' అంది. నమ్మలా. అరిచా. అన్నం తిననన్నా. నిన్న చర్చి నుంచొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలా కూడా. 'తెలియదు నాన్నా. తెలిసినా చెప్పను' అంది. కళ్లల్లో నీళ్లు తిరిగినయ్యండి దానికి. కానీ చెప్పలా!"

కండువా భుజం మార్చుకున్నాడు. మళ్లీ పాత భుజం మీదే వేసుకున్నాడు. కూర్చుని లేచాడు.

"మెత్తనిదన్నారు కదా మీరు" అన్నాను.

ఆయన వీధి వైపు తిరిగాడు. ట్రాక్టరు ఒకటి టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, వేసుకుని గుంటూరు మిర్చి యార్డు దారి పట్టింది.

"నేనడిగితేనే చెప్పలేదంటే, ఆ ఊళ్లో ఎవడడిగితే చెప్తదిలెండి" అన్నాడు చివరికి. ఆ వెంటనే, ఎవరో ఎదురు చెప్పినట్టు గొంతు పెంచాడు. "రాత్రి డ్యూటీ సంగతి మాత్రం నేనొప్పుకోలా. హాస్టలు నేను చూడాలి. రోజూ ఫోను చెయ్యాలి."

"అవి మీరూ ఆమే కూర్చుని తేల్చుకోవలసినవి. నేను మధ్యలో రాను."

"సంతకం ఎక్కడ పెట్టాలండి?"

"మీ సంతకం అక్కర్లేదు. ఆమె మేజరు."

ఆయన తెల్లబోయాడు. "మరి నన్నెందుకు అడిగిందండి ఇన్నాళ్లూ?"

"అది ఆమెనే అడగండి."

"అడగన్లెండి" అన్నాడు. "చెప్పదు."

ఆయనే ఫోను చేసి పిలిచాడు. చేరుతున్నట్టు సంస్థకు రాయడానికి అమ్మాయి లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. వెనకే తల్లి, పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, గుడ్డ మెడలోనే ఉంది. నా బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి చోటు చేశాను. తెర వెలిగింది. తండ్రి వంగి దగ్గరగా చూడబోయాడు.

"పాస్‌వర్డ్ కొట్టాలి" అంది అమ్మాయి. "అందరూ అటు తిరగండి."

"నేనూనా?" అన్నాను.

"మీరు కూడానండి."

ఆ గొంతు నాకు తెలుసు. ఏళ్ల తరబడి తరగతి గదుల్లో నేను వాడిన గొంతే. కుర్చీలోంచి లేచి గోడ వైపు తిరిగాను. పక్కన మా వారు, ఆయన పక్కన మేస్త్రి, చివర తల్లి. మా ఎదుట ఎరువుల కొట్టు క్యాలెండరు తప్ప చూడడానికి ఏమీ లేదు. గాలి మళ్లీ తిరిగింది, ఘాటు వచ్చింది. మీటల చప్పుడు మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. చాలా పొడవైన మాటలు ఏరుకున్నట్టుంది. ఒక్కసారి వెనక్కి చూడాలన్న తొందర నా మెడలో నరాన్ని లాగుతోంది. చేతులు వెనక్కి కట్టుకుని బిగించి పట్టుకున్నాను.

"అయిందా?" అన్నాడు మేస్త్రి గోడతో మాట్లాడుతున్నట్టు.

"ఇంకా లేదు నాన్నా. తిరగొద్దు."

తల్లి కిసుక్కున నవ్వింది. మేమెవరమూ తిరగలేదు.